కోర్టుకెళ్తే మనదే

ఫిలింనగర్ మలుపు దగ్గర ఫ్లెక్సీ మీద ఆయన బొమ్మ చూసి ఆటో ఆపించాను. నల్ల కళ్లద్దాలు, టై, ఆ టై ముడి మీద రెండు వేళ్లు. పోయాడన్నమాట. అయ్యో అనుకోవాల్సిన చోట నా కంట ముందుగా పడింది అక్షరాల సైజు. నివాళులర్పిస్తున్న శిష్యుల పేర్లు అరచేతంత ఉన్నాయి. పోయిన గురువుగారి పేరు బొటనవేలంత ఉంది. బతికుంటే ఊరుకునేవాడు కాదు. టై ముడి సవరించుకుని, కళ్లు సగం మూసి, "ఆర్టిస్టు గారూ, ఇది కోర్టుకెళ్తే మనదేనండీ" అనేవాడు. వెళ్లేవాడా అంటే, వెళ్లేవాడు కాదు. నాకు తెలిసి ఆయన కోర్టు గుమ్మం తొక్కింది ఒక్కసారి, అదీ వాన పడుతుంటే తలదాచుకోవడానికి.

ఆ వాన సంగతి నేను కల్పించింది. అసలు ఆ ఒక్కసారి కూడా తొక్కలేదు.

అక్షరాల సైజు నాకెందుకు పట్టిందంటే అది నా వృత్తి. సినిమాలకు టైటిల్స్ రాసేవాణ్ణి. మద్రాసు నుంచి ఇండస్ట్రీ వెనకాలే వచ్చి మధురానగర్‌లో దిగాను. తెలుగులో విడుదలైన ప్రతి సినిమా పేరూ నా కుంచె కిందనుంచే పోయింది. ప్రతి సినిమా కాదులెండి, సగం. సగమన్నా ఎక్కువే. నాకు కుంచె పట్టడం నేర్పిన మా గురువుగారు అక్షరాలు రాస్తే నేను రంగు నింపిన సినిమాలు కూడా అందులో కలిపేశాను. గొప్పలు చెప్పడం నాకు అలవాటు, చెప్పిన వెంటనే ఒప్పుకోవడమూ అలవాటే. ఫ్లెక్సీ మీది ప్రొఫెసరుకు ఈ రెండో అలవాటు లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఆయనది మా పై ఫ్లాటు. ఆయన విజిటింగ్ కార్డులో మాత్రం మధురానగర్ అని ఉండదు, "జూబ్లీహిల్స్ సమీపమున" అని ఉంటుంది. ఆ లెక్కన మోతీనగర్ కూడా జూబ్లీహిల్స్ సమీపమే. ఉదయం పూట సూటు, టై, నల్ల కళ్లద్దాలతో మెట్లు దిగేవాడు. కాళ్లకు మాత్రం తెల్లటి కాన్వాసు బూట్లు. ఇదేం వేషమండీ అని మొదట్లో ఓసారి అడిగాను. "నడుము పైన మీడియా, నడుము కింద క్రీడలు" అన్నాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ మాటను తర్వాత ఏదో సెమినారులో కూడా చెప్పాడని తెలిసింది.

పుట్టుకతో ఆయన క్రీడలు, మీడియా చట్టాల ప్రొఫెసరు కాదు. ఓ ప్రైవేటు లా కాలేజీలో భూమి చట్టాలు చెప్పేవాడు. శిస్తు, కౌలు, గట్టు తగాదాలు, మధ్యలో గేదెల బేరాలు. అప్పుడు ఐటీ వచ్చి పడింది. అమీర్‌పేట నుంచి మా వీధి దాకా గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సుల బోర్డు. ఊరవతల పొలాలన్నీ అద్దాల మేడలు అయిపోతుంటే కౌలుదారు హక్కులు ఎవడు వింటాడు? ఆ కాలేజీవాళ్లు కింది అంతస్తును కంప్యూటర్ కోచింగ్‌కి కిరాయికిచ్చేశారు. చివరికి ఆయన క్లాసులో మిగిలింది ఆయన, ఫ్యాను, నిద్రపోతున్న ఓ విద్యార్థి. ఆ నిద్ర నేను కలిపింది. విద్యార్థి మెలకువగానే ఉండేవాడట, కిటికీలోంచి కింద కంప్యూటర్ క్లాసుకి వెళ్లే అమ్మాయిల్ని చూస్తూ.

కొత్త సబ్జెక్టు పట్టుకొస్తారా, ఇంటికి వెళ్తారా అని ప్రిన్సిపాలు అడిగాడు. ఈయన వారం తిరక్కుండా పట్టుకొచ్చాడు. ఊళ్లో సినిమా ఉంది, క్రికెట్ ఉంది, టీవీ చానెళ్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి, వీటికో చట్టం ఉండకపోతుందా అన్నాడు. మీకు ఆటలొచ్చా అని నేనడిగాను. రావన్నాడు. సినిమాలు చూస్తారా అన్నాను. చూడనన్నాడు. "అందుకే నిష్పాక్షికంగా చెప్పగలను."

నోట్సు మాత్రం పాతదే. గేదె అమ్మకాల ఉదాహరణలన్నిట్లో గేదె కొట్టేసి హీరో అని రాసుకున్నాడు, రైతు కొట్టేసి నిర్మాత అని రాసుకున్నాడు. "ఎ అనువాడు బి అనువాడికి హీరోను ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఒప్పందము నాటికే హీరో మరణించి యుండెను." ఇంతవరకూ బాగానే ఉంది. ఓ చోట మాత్రం మిగతా వాక్యం మార్చడం మరిచిపోయి, ఒప్పందానికీ అప్పగింతకీ మధ్య హీరో ఇచ్చిన పాలు ఎవరికి చెందుతాయని క్లాసులో అడిగాడట. పిల్లలు బల్లల కింద దూరి నవ్వారట. ఇది మాత్రం కల్పన కాదు. ఆ క్లాసులో ఉన్న కుర్రాడు తర్వాత ఓ టీవీ చానెల్లో లీగల్ మేనేజరై నాకు స్వయంగా చెప్పాడు. ఆ కుర్రాడికి నా అలవాటు ఉంటే నేనేం చెయ్యలేను.

సినిమాలు చూడనన్నాడు గానీ హాలుకి వెళ్లేవాడు. టికెట్టు కొని, కూచుని, టైటిల్స్ అయిపోగానే లేచి వచ్చేసేవాడు. "చట్టానికి కావలసింది అంతవరకేనండీ. మిగతాది వినోదం." పక్కవాళ్ల మోకాళ్లు తొక్కుకుంటూ, చీకట్లో సారీలు చెప్పుకుంటూ, తెల్ల బూట్లతో బయటికి. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. నేను రాసిన టైటిల్స్ అవి. ఎలా ఉన్నాయండీ అన్నాను. "కృతజ్ఞతల కార్డులో కామా పడలేదు. కోర్టుకెళ్తే మనదే" అన్నాడు. మనది అంటే ఎవరిదో, ఎవరి మీదో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఇక యాదగిరి సంగతి చెప్పాలి. ఈ ప్రొఫెసరు గారి ఘనతంతా ఆ ఒక్కడి మీద నిలబడింది.

యాదగిరిది యూసుఫ్‌గూడ. కబడ్డీలో రాష్ట్రానికి ఆడినవాడు. మెడ కనిపించేది కాదు, తల నేరుగా భుజాల మీద కూచునేది. ఓ కబడ్డీ సినిమాలో హీరోకి ఆట నేర్పడానికి పిలిచారు. ఎండాకాలమంతా గ్రౌండులో ఆ హీరోని మట్టిలో పొర్లించి, పట్లు పట్టించి, ఊపిరి బిగబట్టించి మనిషిని చేశాడు. టైటిల్స్‌లో తెర మొత్తానికీ నీ పేరొక్కటే ఉండేలా ఒక కార్డు వేస్తామని నిర్మాత మాటిచ్చాడు. ఫిలింనగర్‌లో మాటంటే మాటే, కాగితాలుండవు. కొబ్బరికాయ కొట్టినప్పుడు పక్కన నిలబడ్డవాళ్లే సాక్షులు. వాళ్లు కూడా కొబ్బరిముక్క తినేసి వెళ్లిపోతారు.

అప్పటికి నా కుంచె మూలపడింది. టైటిల్స్ అన్నీ కంప్యూటర్లోనే చేస్తున్నారు. పేర్లు సరిచూడ్డానికి మాత్రం ఓ గ్రాఫిక్స్ స్టూడియోకి నన్ను పిలిచేవారు. విడుదల వారంలో అక్కడికొచ్చాడు యాదగిరి, చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, నా పేరు ఏడొస్తదో జర చూపియ్యరా?"

చూశాను. మళ్లీ చూశాను. లేదు.

"కబడ్డీ సహకారం, యూసుఫ్‌గూడ మిత్రబృందం అని ఉందయ్యా" అన్నాను.

"గదెవరు సార్?"

"నువ్వే అయ్యుంటావు."

వంగి తెర మీది ఆ మాటలు చూశాడు. "నేను ఆడిన దినాలల్ల పేపర్ల గిట్లనే రాస్తుండె సార్. కెప్టెన్ పేరు, ఇంకొగని పేరు, ఆఖర్ల తదితరులు. గెల్చినా తదితరులే, ఓడినా తదితరులే. మా అమ్మకు సదువు రాదు. ఏది బిడ్డా నీ పేరు అంటే, గదే తదితరులు, గదే నేను అని చూపెట్టేటోణ్ణి. నిజమే అనుకునేది ముసల్ది."

నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు.

"ఈ మారు బస్తీ బస్తీకే చెప్పిన సార్. మొదటాటకు అందరొస్తున్రు. ఏం మొఖం వెట్టుకోవాలె?"

మా పై ఫ్లాటులోనే ఈ చట్టానికి ప్రొఫెసరు ఉన్నాడని గుర్తొచ్చి తీసుకెళ్లాను. అంతకన్నా ఆ కార్డు కంప్యూటర్ ముందు కూచున్న ఆపరేటరుని బతిమాలి పెట్టించుకున్నా బాగుండేది. యాదగిరి చెప్పిందంతా విని ప్రొఫెసరు లేచి నిలబడ్డాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లుగా గేదెల పాఠం చెబుతున్నవాడి ముందుకి గేదే నడిచొచ్చినట్టయింది.

"ఆర్టిస్టు గారూ, చూశారా. క్రీడ, మీడియా. రెండూ ఒకే మనిషిలో."

"నా పేరు పడుతదా సార్?" అన్నాడు యాదగిరి.

"కోర్టుకెళ్తే మనదేనయ్యా."

"కోర్టు గీర్టు వద్దు సార్. శుక్రారం సినిమా ఉంది."

మర్నాడు యాదగిరిని కాలేజీకి తీసుకెళ్లి క్లాసులో బోర్డు పక్కన నిలబెట్టాడు. గంటసేపు అతని మీద పాఠం చెప్పాడు, బెత్తంతో భుజాలు చూపిస్తూ. కబడ్డీ జట్టులో ఎంతమంది ఉంటారని ఓ పిల్ల అడిగితే పదకొండని చెప్పాడు. "ఏడుగురు సార్" అన్నాడు యాదగిరి మెల్లగా. "అది వాదించదగ్గ విషయం" అన్నాడు ప్రొఫెసరు.

ఆ సాయంత్రం ముగ్గురం జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసుకి వెళ్లాం. చేపల తొట్టె, దేవుళ్ల పటాలు, మెత్తటి సోఫాలు. యాదగిరి కూచోలేదు. ప్రొఫెసరు కూచుని, సోఫాలో దిగబడిపోయి, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా టై ముడి పట్టుకుని మొదలుపెట్టాడు. ఎక్కడెక్కడి దేశాల చట్టాలో చెప్పాడు. నిర్మాత గోదావరి జిల్లా మనిషి, ఓపికగలవాడు. అంతా విన్నాడు.

"ఇది కోర్టుకెళ్తే మాదేనండీ" అని ముగించాడు ప్రొఫెసరు.

"వెళ్లండి సార్. ఎవరొద్దన్నారు? కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ వచ్చింది. నిర్మాత ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి ఇంగ్లీషులోకి దిగాడు, నేను తెలుగులో చెబుతున్నాను. "దీనికో చదువుందాండీ? నిజంగా? పిల్లలు నేర్చుకుంటున్నారా? మన ఇండస్ట్రీలో మీలాంటి పెద్దవాళ్లు లేకనేనండీ ఈ గొడవలన్నీ. మా కంపెనీకి మీరు సలహాదారుగా ఉండకూడదూ?"

ప్రొఫెసరు వేళ్లు టై ముడి మీదనుంచి జారాయి. మొదటిసారి చూశాను ఆ దృశ్యం. "అంటే, దానికి రెండు కోణాలున్నాయండీ" అన్నాడు. రెండో కాఫీ వచ్చేసరికి ఆ రెండు కోణాలూ ఒకటైపోయాయి.

బయటికొచ్చాక యాదగిరి అడిగాడు. "ఏమన్నరు సార్? ఇంగ్లీషుల మాట్లాడిన్రు, నాకు సమజ్ కాలే."

"చర్చలు నడుస్తున్నాయి" అన్నాడు ప్రొఫెసరు. నేను నోరు మెదపలేదు. మెదిపి చెప్పేశానని రాద్దామనుకున్నాను, కానీ చెప్పలేదు.

శుక్రవారం మొదటాటకి బస్తీ మొత్తం దిగింది. ఊరేగింపుగా వచ్చారు, డప్పులతో. డప్పులు లేవు, ఈలలున్నాయి. యాదగిరి కొత్త చొక్కా వేసుకుని మధ్య వరసలో కూచున్నాడు. ప్రొఫెసరూ వచ్చాడు, అదే వరసలో నా పక్కనే. టైటిల్స్ మొదలయ్యాయి. హీరో పేరుకి గోల. సంగీతం, కెమెరా, ఎడిటింగు. అప్పుడు తెర మొత్తం నల్లబడి, మధ్యలో బంగారు రంగు అక్షరాలతో ఒకే ఒక్క పేరు. న్యాయసలహాలు, ప్రొఫెసర్ ఫలానా. క్షణంసేపు నిలిచింది. నేను సరిచూసిన పేర్లలో ఆ కార్డు లేదు, ఆఖర్న ఆఫీసు నుంచి కబురు పంపి పెట్టించారు. దాని తర్వాత కిక్కిరిసిన కార్డులో, భోజనాల కాంట్రాక్టరుకీ లైట్ల కంపెనీకీ మధ్య, యూసుఫ్‌గూడ మిత్రబృందం.

మధ్య వరసలో ఎవడో ఈల వేశాడు. "అన్నా, మిత్రబృందమంటే మనమేనే." ఎవరూ నవ్వలేదు.

టైటిల్స్ అయిపోయాయి. ప్రొఫెసరు అలవాటు ప్రకారం లేచాడు. ఆ వరసలోంచే పోవాలి. యాదగిరి మోకాళ్లు పక్కకి తిప్పి దారిచ్చాడు. "సారీ, సారీ" అనుకుంటూ, తెల్ల బూట్లతో ఆయన దాటుకుపోయాడు. అటువంటి మనిషి ఆయన.

ఆదివారం యాదగిరి మా మెట్లెక్కి వచ్చాడు. గొడవ చేస్తాడేమోనని నేను తలుపు తీసి నిలబడ్డాను. చూడాలని కూడా ఉంది, ఒప్పుకుంటాను. పైన ప్రొఫెసరే బయటికొచ్చి అతని భుజం తట్టాడు.

"యాదగిరీ, అది నీ విజయమేనయ్యా. ఇంతవరకూ ఇండస్ట్రీలో ఒక లా ప్రొఫెసరుకి సింగిల్ కార్డు పడిందా? నీ కేసు వల్లే కదా."

యాదగిరి ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ చేతులు చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. "గట్లనా సార్" అన్నాడు చివరికి. దిగి వెళ్లిపోయాడు.

ఇంత జరిగాక మరొకడైతే మొహం చాటేసేవాడు. ఈయన పాఠం తయారుచేశాడు. ఓ ఏడు నన్ను సినీరంగ నిపుణుడని క్లాసుకి పిలిచాడు. వెనక బల్ల మీద కూచున్నాను. బోర్డు మీద పెద్దక్షరాలతో "యాదగిరి కేసు" అని రాసి, పిల్లల వైపు తిరిగి, గంభీరంగా చెబుతున్నాడు. ఆటగాడి పేరు అతని ఆటలో భాగమనీ, ఆట వాడుకున్నవాడు పేరు కూడా వాడాల్సిందేననీ న్యాయస్థానం తీర్పునిచ్చిందట. పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు. పరీక్షలో తప్పక వస్తుందని కూడా చెప్పాడు.

వరండాలో పట్టుకున్నాను. "ఏ కోర్టండీ?"

"ఏది?"

"ఆ తీర్పు. ఏ కోర్టిచ్చింది?"

టై ముడి మీద రెండు వేళ్లు. "కోర్టుకెళ్తే అదే తీర్పు వచ్చేది కదండీ."

అబద్ధాల విషయంలో నన్ను నేను చిన్నవాణ్ణని ఏనాడూ అనుకోలేదు. ఆ వరండాలో అనుకున్నాను. నేను టీ తాగుతూ నలుగురి ముందు గాలి కొట్టి, వాళ్ల ముందే గాలి తీసేస్తాను. ఈయన జీతం తీసుకుని, హాజరు వేసి, మార్కులు పెట్టి మరీ ఆడాడు. అలా రిటైరయ్యేదాకా. సన్మానాలు, శాలువాలు, టీవీ చర్చల్లో మూల కుర్చీ. ప్రతిచోటా యాదగిరి కేసు.

మొన్న ఫిలింనగర్‌లో సంస్మరణ సభకి వెళ్లాను. యాదగిరి వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది, మెడ ఇప్పటికీ లేదు. వెనక వరసలో నా పక్కన కూచున్నాడు. వేదిక మీద ఓ లాయరమ్మాయి మాట్లాడుతోంది. "సార్ చెప్పిన యాదగిరి కేసే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది. పేరు లేని ఆటగాళ్లకి పేరిచ్చిన కేసు అది" అంటోంది.

నేనిక ఆగలేకపోయాను. అలాంటి కేసు లేదు, తీర్పు లేదు, ఆయన ఎవరి పేరు కొట్టేశాడో ఆ మనిషి ఇదిగో ఇక్కడే ఉన్నాడు అని అరుద్దామని కుర్చీలోంచి సగం లేచాను. నా మోకాలి మీద చెయ్యి పడింది. కబడ్డీ పట్టు. కదలనివ్వలేదు.

"కూసో సార్."

"అబద్ధం కదయ్యా అదంతా."

"ఎర్కనే."

"నీ పేరు మింగేశాడు కదయ్యా."

"మింగిండు. నేనేమన్న కాదంటున్ననా? శానా దినాలు కనబడితే కాలిరగ్గొడ్దామనే ఉండె." యాదగిరి గొంతు తగ్గించాడు. "ఒకసారి గ్రౌండుకాడికి ఇద్దరు పోరగాండ్లొచ్చిన్రు సార్, లా సదివేటోళ్లు. అంకుల్, ఆ యాదగిరి మీరేనా అని అడిగిన్రు. నా దిక్కు గట్ల చూసిన్రు. మల్ల యాడాదికి ఇంకిద్దరు. ఆ సినిమా టైటిల్ ఎవడు సదివిండు సార్? గిప్పుడు ఆ సినిమానే ఎవ్వనికి యాదికి లేదు. నా పేరు రాయనోడు మాత్రం పాసే కాడంట."

కుర్చీలో వెనక్కి వాలాను. ప్రొఫెసరు మీద నా అభిప్రాయం మారిందా అంటే మారలేదు. తెల్ల బూట్లు మోకాళ్ల మీదుగా దాటిపోవడం నేను కళ్లారా చూసినవాణ్ణి. మంచి చెయ్యాలన్న ఉద్దేశం ఆయనకి ఇసుమంత కూడా లేదు. చెప్పడానికో గొప్ప కావాలి, ఆ గొప్పకో పేరు కావాలి, చేతికందిన పేరు యాదగిరిది. అంతకన్నా ఏమీ లేదు.

వేదిక మీది అమ్మాయికి ఎవరో చీటీ పంపినట్టున్నారు. ఆగి, హాలంతా వెతికి, "యాదగిరి గారు ఇక్కడే ఉన్నారట" అంది. జనమంతా వెనక్కి తిరిగారు. యాదగిరి లేచి నిలబడ్డాడు. నమస్కారం పెట్టడానికి ఎత్తిన చేతుల్ని ఎంతసేపటికీ దించలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడతో, నిన్నటి సభ గురించి పేపర్లో నా పేరు పడిందని చెప్పాను. పాపం, కళ్లద్దాలు తుడుచుకుని వచ్చి కూచుంది. జిల్లా పేజీలో చిన్న వార్త. మాట్లాడిన అమ్మాయి పేరుంది. తర్వాత, సభలో ప్రముఖ క్రీడాకారుడు యాదగిరి, తదితరులు పాల్గొన్నారని ఉంది.

"మీ పేరెక్కడండీ?" అంది, రెండుసార్లు చదివి.

ఆ ఆఖరి మాట మీద వేలు పెట్టి చూపించాను.